అమ్మ మందుల డబ్బాలో నాలుగేళ్ల జనరిక్

ఎనిమిదేళ్లు మా అమ్మకు బీపీ, షుగరు బిళ్ళలు కొన్నాను. ఒక్కసారి కూడా వాటిలో ఏ మందు ఉందో చూడలేదు. రెండు రంగుల బిళ్ళ పొద్దున, పొడుగు తెల్ల బిళ్ళ రెండు పూటలా, చిన్నది రాత్రి పడుకోబోయే ముందు. మా ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క ఇదే. 2022 మార్చిలో జనరిక్‌కి, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరుతోనే అమ్మే చవక బిళ్ళలకి మారాం. డబ్బు మిగిలింది, బాగానే మిగిలింది. కానీ నాలుగేళ్లు వాడాక నాకు ఎక్కువ నచ్చింది డబ్బు సంగతి కాదు. అట్ట మీద మందు పేరే కనబడుతుంది. బీపీ మందు టెల్మిసార్టన్ అయితే టెల్మిసార్టన్ అనే రాసి ఉంటుంది, పైన ఇంకో ముద్దుపేరు ఉండదు. ఆ పేరు ఎంత ముఖ్యమో ఆ ఏడాది గోదావరి వరదల్లో తెలిసింది.

జనరిక్ ఎందుకు చవకో అందరూ రాశారు కాబట్టి అది వదిలేస్తున్నాను. మా లెక్క మాత్రం చెప్తాను. కంపెనీ మందులకు అమ్మకు నెలకు 1,480 రూపాయలు అయ్యేది. జనరిక్ అమ్మే ప్రభుత్వ పథకం దుకాణం జన ఔషధిలో అవే మందులు 410కి వచ్చాయి. ఏడాదికి 12,000 రూపాయలకు పైనే తేడా. వైద్యసేవ కార్డు ఆసుపత్రిలో చేరితే ఆదుకుంటుంది గానీ, ఇంట్లో రోజూ మింగే బిళ్ళలకు డబ్బు మన చేతిదే. వయసు మీద పడ్డవాళ్లున్న ఇంట్లో నెలనెలా కరిగిపోయేది ఆ డబ్బే.

ఇక వరద సంగతి. నేను రాజోలులో ఉంటాను. అమ్మ, తమ్ముడు ఉండేది లంకలో, చాకలిపాలెం దగ్గర కాజ్‌వే దాటి వెళ్లాలి. ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. సముద్రంలోకి వదిలే నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వే ఎప్పుడో మునిగిపోయింది. అమ్మ వాళ్లు పక్కింటివాళ్ల మేడ మీదికి చేరారు. తమ్ముడు హడావుడిలో గూట్లో ఉన్న మందులన్నీ ఒకే కవర్లో వేసి తీసుకెళ్లాడు. మేం మారి నాలుగు నెలలే. పాత కంపెనీ అట్టలు రెండు ఇంకా మిగిలే ఉన్నాయి. డబ్బు పోసి కొన్నవి కదా, పారేయబుద్ధి కాక అమ్మ దాచింది.

మూడో రోజు ఫోన్ చేస్తే గొంతు నీరసంగా ఉంది. "లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయే. అన్నం సయించట్లేదు" అంది. వరద టెన్షన్‌కి నిద్ర లేక అలా ఉందేమో అనుకున్నాను. సాయంత్రం పడవ మీద వచ్చిన ఆశా కార్యకర్త బీపీ చూస్తే 92/58. మామూలుగా అమ్మకు 130కి అటూ ఇటూ ఉంటుంది. ఆమె కవరు బోర్లించి అట్టలన్నీ వరసగా పెట్టి చూసింది. పాత అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా, దాని కింద సన్నటి అక్షరాల్లో టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5. జనరిక్ అట్ట మీదా అవే రెండూ. బిళ్ళల ఆకారం వేరు, రంగు వేరు. అందుకని అమ్మ రెండూ వేరు వేరు మందులనుకుంది. మూడు రోజులుగా పొద్దున్నే రెండూ వేసుకుంటోంది. అంటే బీపీ మందు రెట్టింపు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, మర్నాడు బీపీ మళ్లీ చూసేదాకా ఆ బిళ్ళ ఆపమన్నారు. నీళ్లు తాగించమని, మంచం మీంచి ఒక్కసారిగా లేవనివ్వొద్దని చెప్పారు. రెండో రోజుకు తేరుకుంది. ఆ రెండు రాత్రులూ నాకు కంటిమీద కునుకు లేదు. మేడ మెట్ల మీద కళ్ళు తిరిగి ఉంటే కింద నీళ్లే. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ఆ తర్వాత నిబంధనలు వెతికి చదివాను. మందు అసలు పేరు కంపెనీ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో వేయాలని 2018లోనే నిబంధన వచ్చింది. కానీ అది ఒకే మందు ఉన్న బిళ్ళలకు. రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలకు మినహాయింపు ఉంది. బీపీకి, షుగరుకి మన పెద్దవాళ్లు మింగేవి చాలావరకు ఆ కలిపినవే. అక్షరాలు పెద్దగా ఉండాల్సింది అసలు అక్కడ. ఈ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు.

జనరిక్‌ని మెచ్చుకున్నాను కదా, అందులోనూ ఒక చిక్కుంది. సరఫరా చేసే కంపెనీ మారినప్పుడల్లా బిళ్ళ రూపం మారుతుంది. ఒక నెల గుండ్రంగా తెల్లగా ఉంటుంది, మరుసటి నెల కోలగా పసుపుగా వస్తుంది. రంగును బట్టి గుర్తుపట్టే మనిషికి ఇది పెద్ద ఇబ్బంది. పేరు పెద్దగానే ఉంటుంది, కానీ అది ఇంగ్లీషు, హిందీల్లో. మా అమ్మ అయిదో తరగతి వరకు తెలుగులో చదివింది. ఆ రెండూ ఆమెకు రావు. అందుకే ప్రతి అట్ట వెనక తెల్ల ప్లాస్టరు అంటించి 'బీపీ, పొద్దున ఒకటి' అని తెలుగులో రాస్తాను. గడువు తేదీ మీద మాత్రం అంటించను. పాత అట్ట పూర్తిగా అయ్యాకే కొత్తది డబ్బాలోకి వెళ్తుంది.

ఇంకో భయం షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్‌తో వచ్చింది. అది మెల్లగా కరిగే రకం, ఎస్ఆర్ అని రాసి ఉంటుంది. ఒకరోజు విరేచనంలో బిళ్ళ ఆకారం అలాగే కనబడిందని అమ్మ కంగారుపడింది. "చవక బిళ్ళ కదే, కరగట్లేదు" అంది. నేనూ కంగారుపడ్డాను. డాక్టరుగారు చెప్పింది ఏమిటంటే, మందు లోపల మెల్లగా బయటికి ఊరిపోతుంది, పై డొల్ల మాత్రమే మిగిలి బయటికి వస్తుంది. కంపెనీ బిళ్ళల్లోనూ ఇలా జరుగుతుందట. ఆ రకాన్ని విరిచి గానీ నూరి గానీ వేయకూడదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. అంతకు ముందు గొంతులో అడ్డుపడుతోందని మేం సగానికి విరిచి ఇచ్చిన రోజులున్నాయి.

మరి మందు పనిచేస్తోందా? నేను మాటల మీద నమ్మకం పెట్టుకోలేదు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష చేయించాను. మారక ముందు 8.1 ఉండేది. తర్వాత 7.9, ఆపైన 7.6. తగ్గడం మందు గొప్పే అనను, అదే సమయంలో అమ్మ రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెకు మారింది. కనీసం పెరగలేదు, నాకు అది చాలు.

అమ్మ వేసుకునే థైరాయిడ్ బిళ్ళ మాత్రం మార్చలేదు. అది మైక్రోగ్రాముల్లో లెక్క, కొంచెం తేడా వచ్చినా ఒంట్లో తెలుస్తుంది. ఏ కంపెనీది వాడుతుంటే అదే కొనసాగించమని, మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చూడాలని డాక్టరుగారు అన్నారు. అది ఎలాగూ చవకే, మార్చి మిగిలేదేమీ లేదు. పైన చెప్పిన 1,480, 410 రెండింటిలోనూ అది కలవలేదు.

స్టాకు గురించి కూడా చెప్పాలి. కొలెస్ట్రాల్ బిళ్ళ ఒకసారి వరసగా రెండు నెలలు దొరకలేదు. "ఆయ్, ఇంకా రాలేదండి, సోమవారం ఓసారి ఫోన్ చేయండి" అంటాడు దుకాణం అబ్బాయి. మర్యాదస్తుడే, అతను మాత్రం ఏం చేస్తాడు. ఆ రెండు నెలలు బయట కొన్నాను. ఒక మందుల షాపులో 'ఇదీ జనరిక్కేనండి, మీకు 20 శాతం తగ్గిస్తాను' అన్నారు. అట్ట మీద ధర చూస్తే కంపెనీ మందుకి దగ్గరగానే ఉంది. జనరిక్ అన్న మాట విని సంతోషపడకుండా, ముద్రించిన ధర చూడాలి. ఇంకోటి, ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ ఉచితంగానే ఇస్తారు. అమ్మ మోకాళ్లతో అక్కడ లైనులో నిలబడలేదు కాబట్టి మేం వాడుకోలేదు. దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు అక్కడ అడగండి.

మా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. అమ్మకు బీపీ, షుగరు ఏళ్ల తరబడి నిలకడగా ఉన్నాయి. గుండెకు స్టెంటు లేదు, ఫిట్స్ లేవు. ఫిట్స్ మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు నేను మార్చమని చెప్పలేను, అది డాక్టరు చెప్పాల్సిన మాట. లంక నుంచి ఊళ్లోకి ఆటో ఖర్చు కూడా ఉంది. నేను వెళ్లినప్పుడల్లా రెండు నెలలకు సరిపడా తీసుకెళ్తాను కాబట్టి గిట్టుబాటవుతోంది. ఒక్క బిళ్ళ కోసం పదే పదే తిరగాల్సివస్తే ఆ మిగిలింది దారి ఖర్చులకే పోతుంది.

మొన్న కొత్త అట్టలు ఇచ్చొచ్చాను. బీపీ బిళ్ళ మళ్లీ రూపం మారింది. అమ్మ వెనక్కి తిప్పి ప్లాస్టరు మీద రాసింది చదివి, పాత ఖాళీ అట్ట పక్కన పెట్టి చూసుకుని, "ఇది ఆ టెల్మీయే కదే?" అని అడిగాకే డబ్బాలో వేసింది.