బల్ల మీద అక్షరాలు చదవకుండా పందెం కాయొద్దు: లాస్ వెగాస్‌లో మా మూడు రాత్రులు

లాస్ వెగాస్ నుంచి తిరిగొచ్చి ఇన్నాళ్ళయినా ఆ పదకొండు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. బాబాయి జీవితంలో మొదటిసారి క్రాప్స్ అనే పాచికల జూదం బల్ల దగ్గర నిలబడి పాచికలు విసిరాడు. ఆరు, అయిదు పడ్డాయి. క్రాప్స్‌లో మొదటి విసురుకి ఏడు గానీ పదకొండు గానీ పడితే పాస్ లైన్ మీద, అంటే విసిరే మనిషి గెలుస్తాడని, కాసినవాళ్ళు గెలిచినట్టే, 15 డాలర్లకు 15 డాలర్లు అక్కడికక్కడే చేతికొస్తాయి. ఈ ఆట కోసం వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని చదువుకున్నదాన్ని, సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాను. డీలర్ మాత్రం డబ్బు ఇవ్వలేదు. ఒక తెల్లబిళ్ళ తీసుకెళ్ళి పదకొండు గడిలో పెట్టి, "పాయింట్ ఇలెవెన్" అన్నాడు. ఇదేమిటని అడిగితే మా మొహం కూడా చూడకుండా బల్ల మీద పరిచిన గుడ్డని వేలితో చూపించాడు. మా చేతుల కిందే, పెద్ద అక్షరాలతో "క్రాప్‌లెస్ క్రాప్స్" అని అచ్చేసి ఉంది.

అది వేరే ఆట. మామూలు క్రాప్స్‌లో మొదటి విసురుకి 2, 3, 12 పడితే ఓడిపోతాం. ఈ బల్ల మీద ఆ మూడింటికీ ఓటమి లేదు, అవి కూడా పాయింట్లే, అంటే ఏడు కంటే ముందు మళ్ళీ అదే అంకె పడితే గెలుపు. వినడానికి ఎంత ఉదారంగా ఉంటుందో! దానికి బదులుగా పదకొండుతో వచ్చే గెలుపుని లాగేసుకుంటారు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో ఏడు ఆరు రకాలుగా పడుతుంది, పదకొండు రెండే రకాలుగా. అంటే చేతికొచ్చిన గెలుపుని పక్కన పెట్టి, ఏడు కంటే ముందు మళ్ళీ పదకొండు వెయ్యమంటారు. అది నాలుగింట ఒకసారి జరిగే పని. బాబాయి మూడో విసురుకి ఏడు పడింది, 15 డాలర్లు పోయాయి. మామూలు పాస్ లైన్‌లో కాసినో వాటా 1.41 శాతం, ఈ బల్ల మీద 5.38 శాతం. దాదాపు నాలుగు రెట్లు. ఆట మొదలుపెట్టేముందు ఒక్కమాట చెప్పడానికి అంతమంది సిబ్బందిలో ఎవరికీ నోరు రాలేదు.

ఇది 2024 అక్టోబరు సంగతి. మేముండేది డాలస్ దగ్గర. భీమవరం పక్క పల్లె నుంచి బాబాయి, పిన్ని వచ్చి ఉన్నారు. సంక్రాంతి బరుల దగ్గర గుండాట చూస్తూ పెరిగిన మనిషి కదా, వెగాస్ పేరెత్తగానే బాబాయి మొహం వెలిగింది. "ఒకసారి చూద్దాం అమ్మడూ, రెండొందల డాలర్లు దాటి పెట్టను, ఒట్టు" అన్నాడు. పిన్నికి ససేమిరా ఇష్టం లేదు. ధర్మరాజంతటివాడే పాచికల దగ్గర కూర్చుని లేవలేకపోయాడని విమానం ఎక్కేదాకా అంటూనే ఉంది. మా ఆయన ఆడడు, కానీ ప్రతి ఖర్చూ ఫోన్‌లో రాసుకుంటాడు. ఈ అంకెలన్నీ ఆ ఫోన్‌లోంచి తీసినవే.

ముందు హోటల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయింది అక్కడే. ఆదివారం నుంచి బుధవారం దాకా స్ట్రిప్ మీద, అంటే పెద్ద కాసినోలు వరసగా ఉండే రోడ్డు మీద, ఒక పెద్ద హోటల్లో రెండు గదులు. బుక్ చేసేటప్పుడు రాత్రికి 62 డాలర్లు అని కనిపించింది. దిగాక రిసార్ట్ ఫీజు అని రాత్రికి ఇంకో 45 డాలర్లు, మొత్తం మీద 13.38 శాతం పన్ను. 62 కాస్తా 121 అయింది. ఆ 45 దేనికని అడిగితే వైఫై, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్ అన్నారు. మా నలుగురిలో జిమ్ మొహం చూసినవాళ్ళు లేరు. 2025 మే 12 నుంచి అమెరికా అంతటా ఇలాంటి ఫీజులు కలిపిన ధరే ముందుగా చూపించాలన్న నిబంధన వచ్చింది. ఫీజు పోలేదు, దాచడం తగ్గింది. అయినా చివరి అంకె చూడకుండా బటన్ నొక్కకండి.

అసలు దెబ్బ ఫ్రిజ్. బాబాయికి ఇన్సులిన్ ఉంది. పిన్ని గదిలోకి రాగానే ఫ్రిజ్ తెరిచి, రెండు బీరు డబ్బాలు, ఒక నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టి, ఆ చోటులో ఇన్సులిన్ పెన్నులు, పెరుగు డబ్బా సర్దింది. ఎవరైనా చేసేపనే. ఆ ఫ్రిజ్‌లో ప్రతి వస్తువు కిందా సెన్సర్ ఉంటుందట, వస్తువు కదిలి కాసేపు బయటుంటే బిల్లు పడిపోతుంది. ఖాళీ చేసే రోజు చూస్తే తాగని బీరుకీ, నీళ్ళకీ 38 డాలర్లు, "సొంత వస్తువులు పెట్టుకున్నందుకు" 50 డాలర్లు. కౌంటర్ దగ్గర 40 నిమిషాలు నిలబడ్డాం. డబ్బాలు, సీసా మూత తీయకుండా అలాగే ఉన్నాయని ఫోటో చూపిస్తే 38 తీసేశారు. 50 తీయలేదు. మందు కోసం అని చెబితే "ఫ్రిజ్ మీద స్టిక్కర్ ఉంది మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి, చూపు స్క్రీన్ మీద నుంచి తిప్పకుండానే. పిన్ని మొహం చిన్నబోయింది. తనవల్లే డబ్బు పోయిందని దారంతా బాధపడింది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. మందులకని ముందే అడిగితే చాలా హోటళ్ళు విడిగా చిన్న ఫ్రిజ్ ఇస్తాయి. గదిలోకి వెళ్ళకముందే అడగండి, గదిలో ఉన్నదాన్ని ముట్టుకోకండి.

సోమవారం హూవర్ డ్యామ్ చూశాం, బాగుంది.

మళ్ళీ ఆదివారం రాత్రి బల్ల దగ్గరికి వస్తాను. పదకొండు పోయాక కూడా మేము లేవలేదు, అదే తప్పు. బాబాయి గుండాట అలవాటుకొద్దీ పాచికల్ని రెండు చేతుల మధ్య పెట్టి గలగలలాడించాడు. వెంటనే ఇద్దరు ముగ్గురు ఒక్కసారి అరిచారు. పాచికలు ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, చెయ్యి బల్ల అంచు దాటి బయటికి రాకూడదు, విసిరితే అవతలి గోడకి తగిలి వెనక్కి రావాలి. మార్చేస్తారన్న భయంతో పెట్టిన రూల్. రూల్ న్యాయమైనదే. కానీ అరవై ఆరేళ్ళ మనిషిని అంతమందిలో అలా కసరాల్సిన పని లేదు. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని, తర్వాత చాలాసేపు పాచికలు ముట్టుకోలేదు.

ఇక పొడుగు కర్ర పట్టుకుని మధ్యలో నిలబడే స్టిక్‌మ్యాన్. అతని పని పాచికలు లాగి అందించడం, దాంతోపాటు మధ్య గడుల్లో పందేలు అమ్మడం. "హార్డ్ ఎయిట్ ఎవరికి కావాలి, యో ఎవరికి కావాలి" అని పాటలా పాడుతూనే ఉంటాడు. యో అంటే పదకొండు. హార్డ్ ఎయిట్ అంటే నాలుగూ నాలుగూ పడి ఎనిమిది కావడం. ఒకటికి తొమ్మిది ఇస్తారు, నిజమైన లెక్క ఒకటికి పది. వందకి తొమ్మిది డాలర్లు కాసినోకే. 5 డాలర్లే కదా అని బాబాయి ఒకటి, నేనొకటి అలా పెడుతూ పోయాం. 35 నిమిషాల్లో ఇద్దరివీ కలిపి 165 డాలర్లు పోయాయి. పిన్ని దూరంగా, సిగరెట్ పొగకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి, "ఏడు పడితే ఏడుపే అని అప్పుడే అన్నాను" అంది.

మంగళవారం నేనే పట్టుబట్టి బాబాయిని పాత ఊరికి, ఫ్రీమాంట్ వీధికి తీసుకెళ్ళాను. డ్యూస్ అనే డబుల్ డెక్కర్ బస్సు, 24 గంటల పాస్ మనిషికి 8 డాలర్లు. 1941లో తెరిచిన ఎల్ కోర్టెజ్ ఇంకా అక్కడే ఉంది, వీధంతా చూసి దాని గుమ్మం దాకా నడిచాం. కాలిఫోర్నియా హోటల్ కూడా దగ్గరే. 1989లో స్టాన్లీ ఫుజిటాకే అనే ఆయన అక్కడ పాచికలు చెయ్యి మారకుండా వరసగా 118 సార్లు విసిరాడు, 3 గంటల 6 నిమిషాలు. ఆ రికార్డుని 2009లో అట్లాంటిక్ సిటీలో పట్రీషియా డెమౌరో అనే ఆవిడ 154 విసుర్లతో దాటింది. ఈ కథ చెబితే బాబాయికి మళ్ళీ హుషారొచ్చింది.

ఆ వీధిలోనే ఒక పాత కాసినోలో ఉదయం పదింటికి బల్ల ఖాళీగా ఉంది, కనీస పందెం 10 డాలర్లు. ఈసారి ముందు గుడ్డ చదివాను. మామూలు క్రాప్సే. డీలర్ జుట్టు నెరిసిన ఒక పెద్దావిడ. బాబాయి నోట్లు చేతికివ్వబోతే తీసుకోలేదు. చేతికి చెయ్యి తగలకూడదట, బల్ల మీద పెట్టి "చేంజ్" అనాలి, అదీ పాచికలు ఎవరి చేతిలోనూ లేనప్పుడు. ఇదంతా నవ్వుతూ చెప్పింది. అరుపులు లేవు.

బాబాయి పాస్ లైన్ మీద 10 పెట్టి విసిరాడు. ఆరు పడింది. నల్లగా ఉన్న బిళ్ళని తెల్లవైపు తిప్పి ఆరు మీద పెట్టారు. అంటే ఇప్పుడు ఏడు కంటే ముందు ఆరు రావాలి. అప్పుడు బాబాయి, "ఏడే కదా ఎక్కువసార్లు పడేది, దాని మీద ఓ పది పెడతా" అని మధ్యలో ఉన్న ఎనీ సెవెన్ గడి వైపు చిప్ జరిపాడు. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఆ గడికి ఒకటికి నాలుగే ఇస్తారు, న్యాయంగా అయిదు రావాలి. వందకి 16 డాలర్ల 67 సెంట్లు కాసినోకి పోయే పందెం అది, బల్ల మొత్తం మీద అంతకంటే చెడ్డది వెతికినా దొరకదు. ఆవిడ తన వేలితో పాస్ లైన్ వెనక ఉన్న ఖాళీ చోటు చూపించి, "ఇక్కడ పెట్టండి" అంది.

అక్కడ ఏ గడీ లేదు, ఏ అక్షరమూ లేదు. అదే ఆడ్స్. పాయింట్ వచ్చాక పాస్ లైన్ వెనక పెట్టే అదనపు పందెం. 4, 10 మీద ఒకటికి రెండు, 5, 9 మీద రెండుకి మూడు, 6, 8 మీద అయిదుకి ఆరు ఇస్తారు. సరిగ్గా లెక్క ఎంత రావాలో అంతే, కాసినో వాటా సున్నా. బల్ల మీద అచ్చు వెయ్యని పందెం ఇదొక్కటే నాకు కనిపించింది. చెడ్డ పందేలన్నింటికీ ఎర్ర రంగులూ పాచికల బొమ్మలూ వేసి, ఈ మంచిదానికి ఒక్క గీత కూడా గీయలేదు. కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

బాబాయి 20 పెట్టాడు. విసురు: అయిదు. విసురు: తొమ్మిది. మూడోసారి పాచికలు గోడకి కొట్టుకుని తిరిగొచ్చి, ఒకటి ఆగిపోయింది, రెండోది మూల మీద నిలబడి బొంగరంలా తిరిగింది. నాలుగు మీద ఆగింది. మొదటిది రెండు. ఆరు! పాస్ లైన్‌కి 10, ఆడ్స్‌కి 24, మొత్తం 34 లాభం. పిన్ని కూడా నా భుజం పట్టుకుంది.

గంటన్నర ఆడాం. పాస్ లైన్, ఆడ్స్, అప్పుడప్పుడూ 6, 8 మీద ప్లేస్ పందెం (ఏడు కంటే ముందు ఆ అంకె పడుతుందని కాసేది), అంతే. ప్లేస్ పందెం 6, 8 మీద ఆరుకి ఏడు ఇస్తారు, కాబట్టి 12, 18, 24 ఇలా ఆరు గుణిజాల్లోనే పెట్టాలి, లేదంటే చిల్లర పోతుంది. మా ఆయన లెక్క చూసి డోంట్ పాస్ ఇంకా నయం, వాటా 1.36 శాతమే కదా అన్నాడు. నిజమే, కానీ విసిరే మనిషి ఓడాలని పక్కనే నిలబడి కోరుకోవడం నా వల్ల కాదు. 200 తో మొదలుపెట్టి, ఆవిడ తరఫున పాస్ లైన్ మీద 5 డాలర్లు టిప్పుగా కాసి, 261 తో లేచాం. ఆదివారం పోయిన 165 లో 61 తిరిగొచ్చింది. తక్కిన 104 పోయినట్టే.

వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోండి, 21 ఏళ్ళు నిండినట్టు చూపించమంటే మన ఊరి డ్రైవింగ్ లైసెన్సు చాలదు. శనివారం రాత్రి స్ట్రిప్ మీద నేర్చుకోవాలని చూడకండి, ధరా ఎక్కువే, ఓపికా తక్కువే. మనుషుల ముందు టెన్షన్ అనిపిస్తే గాజు బుడగలో పాచికలు ఎగిరే బబుల్ క్రాప్స్ మెషీన్లు ఉంటాయి, లెక్కలు అవే, పందెం తక్కువ. అక్కడ అరగంట ఆడి తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళొచ్చు.

బయటికొచ్చేముందు బాబాయి గిఫ్ట్ షాపులో వాడేసిన పాచికల జత కొన్నాడు, 4 డాలర్లు. ఎర్రగా, గాజులా, అంచులు కత్తిరించినట్టు ఉన్నాయి. మళ్ళీ ఆటలో పెట్టకుండా వాటి మీద గీతలు కొట్టి ఉన్నాయి. పిన్ని వాటిని పెరుగు డబ్బా ఖాళీ చేసి అందులో పెట్టింది.