రైన్‌ఫెల్స్ శిథిల కోట, ఓబర్‌వేజెల్ నుంచి నడక దారి: వెళ్లొచ్చాక నా రివ్యూ

జర్మనీలో ఒక్క రోజు ఖాళీ దొరికితే ఎక్కడికి వెళ్లాలి అని ఎవరడిగినా నేనిప్పుడు ఒకటే చెబుతున్నాను. పొద్దున్నే మైంజ్‌లో రైలెక్కి ఓబర్‌వేజెల్‌లో దిగండి, అక్కడి నుంచి ద్రాక్షతోటల మీదుగా సాంక్ట్ గోవార్ దాకా నడవండి, సాయంత్రం లోపు రైన్‌ఫెల్స్ కోట చూడండి. అంతే, ఇంకో కోట పెట్టుకోవద్దు. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న ఈ 65 కిలోమీటర్ల రైన్ నది లోయలో సుమారు 40 కోటలున్నాయి, 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు, కాబట్టి ఒకే రోజులో ఐదారు చూసేద్దాం అనిపించడం సహజమే. నేను మొదటిసారి పడవలో వెళ్లి అలాగే చూశాను. ఫోటోలు బోలెడు వచ్చాయి కానీ ఏ కోట ఏదో ఇప్పుడు నాకే గుర్తులేదు.

ఈసారి అక్టోబర్‌లో అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చినప్పుడు వెళ్లాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకని వాళ్లు రైల్లో నేరుగా సాంక్ట్ గోవార్ వెళ్లి నది ఒడ్డున కూర్చునేట్టు, నేనూ మా తమ్ముడూ నడిచి వచ్చి కలిసేట్టు అనుకున్నాం. మైంజ్ నుంచి నది పక్కనే వెళ్లే ఆర్‌బీ 26 అనే లోకల్ రైలు బాఖరాఖ్, ఓబర్‌వేజెల్, సాంక్ట్ గోవార్ మూడింట్లోనూ ఆగుతుంది, గంట అటూ ఇటూ ప్రయాణం. డాయిష్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే ఇందులో వేరే టికెట్ అక్కర్లేదు (2023లో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026లో 63 చేశారు), ఐసీ, ఐసీఈ అనే దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్ రైళ్లలో మాత్రం అది చెల్లదు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, నది అటే ఉంటుంది.

మేం నడిచింది రైన్‌బుర్గెన్‌వేగ్ అనే పొడవాటి కాలిబాటలో ఒక ముక్క. ఇది నదికి ఎడమ ఒడ్డున పోతుంది, అవతలి ఒడ్డున బాన్ నుంచి వీస్‌బాడెన్ దాకా 320 కిలోమీటర్ల రైన్‌స్టైగ్ వేరే ఉంది, రెంటినీ కలిపేసుకోకండి. గుర్తులు చెట్ల మీదా రాళ్ల మీదా తరచుగా కనిపిస్తూనే ఉంటాయి, ఫోన్ తీయకుండానే నడిచాం. ఓబర్‌వేజెల్ దాటాక ఓల్స్‌బెర్గ్‌స్టైగ్ అని ఒక భాగం వస్తుంది, నిటారుగా ఉన్న ద్రాక్షతోటల మధ్య ఇనుప నిచ్చెనలు, పట్టుకోవడానికి తాళ్లు ఉంటాయి. తమ్ముడు హుషారుగా ఎక్కేశాడు, నాకు మాత్రం రెండు చోట్ల కాళ్లు వణికాయి. ఎత్తు అంటే భయం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ భాగం వదిలేసి పక్క దారిలో పోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఈ కొండలన్నీ పలకరాయి. ఎండ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ద్రాక్షకు మంచిదట, కానీ తడిస్తే సబ్బులా జారుతుంది. ముందురోజు వాన పడి ఉంటే నిచ్చెనల దారి జోలికి పోకండి. మామూలు స్పోర్ట్స్ షూస్ కూడా సరిపోవు, అడుగున పట్టు ఉన్నవి వేసుకోవాలి. గడ్డిలో నడిచాక కాళ్ల మీద పిడుదులు ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

ఉర్బార్ ఊరి దగ్గర మరియా రూ అనే చోటికి చేరాక మాత్రం తొందరపడకండి. ఎదురుగా లోరెలై బండ, నది మీద 132 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. నది అక్కడే సన్నబడి మెలిక తిరుగుతుంది, కింద బరువైన సరుకు పడవలు ఆ మలుపులో ఎంత జాగ్రత్తగా తిరుగుతాయో పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. బండ మీద కూర్చుని పాడే అమ్మాయి వల్ల పడవలు మునిగాయని కథ పుట్టింది ఇక్కడే మరి. పడవలోంచి చూస్తే ఇది మామూలు కొండలాగే ఉంటుంది. ఆ మలుపు ఎంత ప్రమాదమో పైనుంచి చూశాకే నాకు అర్థమైంది, నడిచి రావడం ఎందుకంటే ఇందుకే అనిపించింది. మేం ముప్పావుగంట కూర్చున్నాం, రొట్టె, ఆపిల్ పళ్లు తిన్నాం.

ఇక రైన్‌ఫెల్స్. సాంక్ట్ గోవార్ ఊళ్లోంచి పైకి ఎక్కాలి, కారు కూడా పైదాకా పోతుంది కాబట్టి అమ్మానాన్నలు టాక్సీలో వచ్చారు. 1245లో కాట్సెనెల్న్‌బోగెన్ వంశపు ఐదో డీటర్ ప్రభువు దీన్ని కట్టించాడు, నది మీద పోయే పడవల దగ్గర సుంకం వసూలు చేసుకోవడానికి. ఆ సుంకం పెరిగిపోయేసరికి రైన్ తీరపు నగరాలన్నీ ఏకమై 1255లో కోటను ముట్టడించాయి, ఏడాదికి పైగా కూర్చున్నా లొంగలేదు. 1692లో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ సైన్యం 28 వేల మందితో వచ్చింది, అప్పుడూ లొంగలేదు. చివరికి 1794లో ఫ్రెంచి విప్లవ సైన్యానికి యుద్ధం లేకుండానే అప్పగించేశారు, ఆ తర్వాత వాళ్లు పేల్చేశారు. మిగిలిన రాళ్లను కోబ్లెంజ్‌లో ఏరెన్‌బ్రైట్‌స్టైన్ కోట కట్టడానికి తీసుకుపోయారు. ఇదంతా తెలుసుకుని లోపలికి వెళితే ఆ విరిగిన గోడలను చూసే తీరే మారిపోతుంది.

ముందుగా పాత చర్చి గదిలో ఉన్న మ్యూజియంకి వెళ్లండి. కోట కూలకముందు ఎలా ఉండేదో చూపించే నమూనా ఒకటి అక్కడ ఉంది. అది చూసి బయటికొస్తే, ఈ మొండిగోడ ఇదీ, ఆ కందకం అదీ అని మనమే పోల్చుకోవచ్చు, నాన్న గంటసేపు అదే పనిలో ఉన్నారు. తర్వాత గడియారం బురుజు ఎక్కితే నది రెండు వైపులా కనిపిస్తుంది, ఎదురు ఒడ్డున కాట్స్ అనే కోట కూడా. కాట్స్ అంటే పిల్లి, నది వెంట కాస్త దిగువన ఇంకో కోట పేరు మౌస్, అంటే ఎలుక. పిల్లి కోట ప్రైవేటు ఆస్తి, లోపలికి వెళ్లలేం, బయటి నుంచే చూడాలి.

ఇదే లోయలో బ్రౌబాఖ్ దగ్గర మార్క్స్‌బుర్గ్ ఉంది, ఎప్పుడూ కూలని కోట, గదులు, వంటిల్లు అన్నీ ఉన్నాయి. బాగుంటుంది, కానీ గైడ్ వెంటే తిరగాలి. రైన్‌ఫెల్స్‌లో మన ఇష్టం, ఏ మూలైనా ఎంతసేపైనా కూర్చోవచ్చు, కిటికీ ఉన్న చోట ఇప్పుడు ఆకాశం ఉంటుంది, గోడ సందుల్లో మొక్కలు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. మేం వెళ్లినప్పుడు కొన్ని భాగాలకు కంచె కట్టి ఉంది, శత్రువులను పేల్చడానికి కొండ కింద తవ్విన సొరంగాలు చూడాలని తమ్ముడు ఎంతో ఆశపడ్డాడు, కుదరలేదు. కాబట్టి ఆరోజు ఏమేం తెరిచి ఉన్నాయో టికెట్ కొనేముందే అడగండి, చలికాలంలో అయితే కోట అసలు తెరుస్తారో లేదో ముందే చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఒక మాట: మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అమ్మ మొదటి ఆవరణ దాకా వచ్చి బెంచీ మీద కూర్చుంది, అక్కడి నుంచి కూడా నది కనబడుతుంది కాబట్టి బాధపడలేదు.

బాగాలేనివి రెండు చెప్పాలి. ఒకటి తిండి. మేం వెళ్లింది సోమవారం, ఊళ్లో రెండు రెస్టారెంట్లు వారపు సెలవు అని బోర్డు పెట్టేశాయి, మూడోచోట కార్డు తీసుకోలేదు, నా దగ్గర నోట్లు లేవు, ఏటీఎం వెతుక్కుంటూ తిరిగే సరికి అమ్మకు ఆకలితో తల తిరిగింది. పల్లెల్లో సోమ, మంగళవారాలు ఇలా ఉంటుందని, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారని తెలిసి కూడా దారిలో తిన్న రొట్టె, ఆపిల్ పళ్లు తప్ప నేను ఏమీ కట్టుకుపోలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు నోట్లు, చిల్లర రెండూ పెట్టుకుని, ఒక పూటకు సరిపడా తిండి సంచీలో వేసుకుని వెళ్లండి.

రెండోది రైళ్ల చప్పుడు. నదికి రెండు ఒడ్డులా పట్టాలున్నాయి, రాత్రంతా గూడ్స్ రైళ్లు పోతూనే ఉంటాయి, లోయ కాబట్టి ఆ మోత అక్కడే తిరుగుతుంది. మేం దిగిన చోట నది కనిపించే గది అని డబ్బు ఎక్కువ తీసుకున్నారు, రైలు సంగతి ఎవరూ చెప్పలేదు, నాన్న తెల్లవారుజాము మూడింటికి లేచి కూర్చున్నారు. ఉండాల్సి వస్తే కొండవైపు గది అడగండి, లేదంటే సాయంత్రం రైలెక్కి తిరిగి వచ్చేయండి.

అవతలి ఒడ్డుకు వెళ్లాలనుకుంటే మైంజ్ నుంచి కోబ్లెంజ్ దాకా వంతెన ఒక్కటీ లేదు, ఫెర్రీయే దిక్కు. సాంక్ట్ గోవార్ నుంచి ఎదురుగా ఉన్న సాంక్ట్ గోవార్స్‌హౌసెన్‌కు కొద్ది నిమిషాలే. మర్నాడు పొద్దున అందరం అలా దాటాం, అమ్మకు మొత్తం ప్రయాణంలో అదే బాగా నచ్చింది, తిరుగు ఫెర్రీలో రెయిలింగ్ దగ్గర నిలబడి కోటనే చూస్తూ ఉంది. ఏప్రిల్‌లో నేనూ తమ్ముడూ అవతలి ఒడ్డున కౌబ్ నుంచి మొదలుపెట్టి నడవాలనుకుంటున్నాం, ఆ దారి 20 కిలోమీటర్లు దాటుతుంది, కాబట్టి ఆరోజుకు కోట ఏదీ పెట్టుకోలేదు.