వాస్ క్వైక్, బెల్ సెజాన్: భీమవరం ఎండకు కుదిరిన ఈస్ట్ జోడీ

డెల్టాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకి అసలు టెన్షన్ వేడి. బీరుని పులియబెట్టేది ఈస్ట్; మామూలు ఏల్ రకం బీరు ఈస్ట్‌లు 20 డిగ్రీల దగ్గర చక్కగా నడుస్తాయి, 30 దాటితే బీరు ముక్కుకి ఘాటుగా కొడుతుంది. మేలో మా భీమవరంలో రాత్రిపూట కూడా గది చల్లబడదు, ఫ్రిజ్‌ని నమ్ముకుంటే కరెంటు పోయిన రోజున అంతే సంగతులు. అందుకే లాల్‌మాండ్ అనే ఈస్ట్ కంపెనీ వాళ్ళ వాస్ క్వైక్ అంటే నాకు అంత ఇష్టం. నార్వేలో వాస్ అనే ఊరి రైతులు తరతరాలుగా కాపాడుకున్న ఈస్ట్ ఇది, 25 నుంచి 40 డిగ్రీల వరకు పనిచేస్తుంది, 35 దాటాకే దాని అసలు జోరు, పైగా కమలా తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన బీరుకి పడుతుంది.

ఒంటరిగా వాడితే మాత్రం రుచి కాస్త ఏకతాళంగా ఉంటుంది. దానికి తోడు అదే కంపెనీ బెల్ సెజాన్ కలిపి చూశాను. ఇది 35 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది, మిరియం, లవంగం లాంటి ఘాటు ఇస్తుంది. 20 లీటర్లకి చెరో 11 గ్రాముల ప్యాకెట్ సరిపోయింది. రెండూ ఒకేసారి వేస్తే వాస్ దూసుకుపోయి ఘాటు పెద్దగా తెలియలేదు. ముందు బెల్ సెజాన్ వేసి, పైన నురుగు కట్టడం మొదలయ్యాక మర్నాడు వాస్ వేస్తే మొదటి గుక్కలో కమలా, మింగాక నాలుక చివర మిరియం, రెండూ విడివిడిగా తెలుస్తాయి. రొయ్యల వేపుడు పక్కన పెట్టుకుని తాగండి, ఆ పొడి పొడి రుచి నూనెని భలే కడిగేస్తుంది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మిగతా ఈస్ట్‌లు వదిలేసే పెద్ద చక్కెరల్ని కూడా బెల్ సెజాన్ నెమ్మదిగా విరిచి తినేస్తుంది. కాబట్టి పొంగు తగ్గిందని సీసాల్లో పట్టేయకండి, బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చెప్పే హైడ్రోమీటర్ రీడింగు రోజుల తరబడి కదలకుండా నిలిచాకే పట్టండి, లేకపోతే లోపల గ్యాస్ పెరిగి సీసాలు పగులుతాయి. పైపులు, కుళాయి కూడా వేడినీళ్ళతో, శానిటైజర్‌తో బాగా కడగాలి, ఈ ఈస్ట్ ఏ కాస్త మిగిలినా తర్వాతి బ్యాచ్‌లో చేరుతుంది. వైన్ ఈస్ట్ ఈసీ-1118 ని మాత్రం ఈ జోడీలోకి రానివ్వకండి, అది వదిలే విషం చాలా బీరు ఈస్ట్‌లని చంపేస్తుంది.

ఎండాకాలం కొరియర్లో తెప్పించుకుంటే ప్యాకెట్ చేతికి రాగానే నొక్కి చూడండి. ఇటుకలా గట్టిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టుకోండి, గాలి చేరి మెత్తబడితే వెంటనే తిప్పి పంపేయండి.