గ్రాఫీన్ పూతపై టిప్ రామన్ కొలతలు: ఒక ప్రయోగశాల సేవపై సమీక్ష

సిలికాన్ కార్బైడ్ పలక మీద పెంచిన గ్రాఫీన్‌ను (ఒక్క పరమాణువు మందం ఉండే కర్బన పొరను) పరిశీలించడానికి, బయటి ప్రయోగశాల ఒకటి అందిస్తున్న టిప్ ఎన్‌హాన్స్‌డ్ రామన్ స్పెక్ట్రోస్కోపీ సేవను ఇటీవల వాడుకున్నాను. రామన్ అంటే లేజరు కాంతి పదార్థాన్ని తాకి చెదిరినప్పుడు వచ్చే మార్పును బట్టి అందులోని పరమాణువుల కంపనాలను గుర్తించే పద్ధతి. పలక ఉపరితలం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్ల అంచుల వద్ద గ్రాఫీన్ ఒక పొరగానే ఉందా, రెండు పొరలవుతోందా అన్నది నేను తేల్చుకోవలసిన సంగతి. మామూలు రామన్ మైక్రోస్కోపులో లేజరు చుక్కను ఎంత కుదించినా రెండు మూడు వందల నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది కనుక అంచు వెంట ఉండే సన్నని పట్టీ అందులో కలిసిపోతుంది. బంగారు సూదిమొనను ఉపరితలానికి ఆనించి, దాని కొసన కాంతిని పోగుచేసే ఈ పద్ధతిలో పది ఇరవై నానోమీటర్ల వివరం అందుతుంది.

అసలు చిక్కు పలకతోనే. సిలికాన్ కార్బైడ్ సొంత సంకేతాలు 1500 నుంచి 1700 వేవ్‌నంబర్ల (స్పెక్ట్రంలో స్థానాన్ని చెప్పే కొలమానం) దాకా పరుచుకొని, 1580 దగ్గర రావలసిన గ్రాఫీన్ ముఖ్య సంకేతమైన జి పీక్‌ను దాదాపు ముంచేస్తాయి. ఈ ప్రయోగశాల ప్రతి బిందువు వద్దా సూదిని దించి ఒకసారి, ఎత్తి ఒకసారి స్పెక్ట్రం తీసి రెండూ పంపింది; నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. పలక సంకేతం చాలా లోతు నుంచి వస్తుంది, సూది సంకేతాన్ని పెంచే ప్రభావం కొస కింద కొన్ని నానోమీటర్లకే పరిమితం. అందువల్ల ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే మిగిలేది ముఖ్యంగా గ్రాఫీనే. అయితే పక్కనుంచి వచ్చే కాంతికి సూది కొంత అడ్డుపడుతుంది కాబట్టి, 776 వద్ద ఉండే 4హెచ్ (సిలికాన్ కార్బైడ్ స్ఫటిక రకాల్లో ఒకటి) పలక పీక్ రెండు స్పెక్ట్రాల్లోనూ సమానమయ్యేలా సరిచూశాకే తీసివేయాలి. ఆ పని వారు చేయలేదు, నేనే చేసుకున్నాను.

సంకేతం ఎన్ని రెట్లు పెరుగుతుందన్న విషయంలో వారి కరపత్రాన్ని నమ్ముకోకూడదు. అందులోని అంకెలు బంగారు పలక మీద తీసినవి. అక్కడ సూదికీ లోహానికీ నడుమ కాంతి బిగుసుకుంటుంది. సిలికాన్ కార్బైడ్ లాంటి అర్ధవాహకం మీద ఆ సౌకర్యం లేదు. పైగా సూది వద్ద విద్యుత్ క్షేత్రం నిలువుగా ఉంటే, గ్రాఫీన్ పరమాణువుల జి కంపనం అడ్డంగా సాగుతుంది కనుక పెరుగుదల ఇంకా తగ్గుతుంది.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. మొదటి పటంలో సగం దాటాక, ఒకే స్కాను గీత నుంచి 2డి పీక్ (గ్రాఫీన్ మరో ముఖ్య సంకేతం; పొరలు రెండైతే వెడల్పవుతుంది) బలం ఒక్కసారిగా పడిపోయింది. గ్రాఫీన్ అంత తిన్నగా స్కాను గీత వెంబడి మారదు, మొన పాడైందన్నమాట. ఒక్క మాటైనా చెప్పకుండా ఆ పటాన్నే పంపారు. అడిగిన తరువాత మాత్రం వాదించకుండా కొత్త సూదితో మళ్లీ తీశారు, మొనకు కర్బన మలినం అంటలేదని చూపడానికి ఖాళీ ఉపరితలంపై తీసిన స్పెక్ట్రాన్ని కూడా జతచేశారు. ఆ రెండో పటంలో, మెట్టు అంచు వెంట 2డి పీక్ వెడల్పు పెరిగిన సన్నని పట్టీ స్పష్టంగా కనిపించింది. అక్కడ రెండు పొరలున్నాయి.