రోబోతో బ్రిడ్జ్: బిడ్డింగ్‌లో గురువు, డిఫెన్స్‌లో మూగ

రోబో పార్ట్‌నర్ వేసే చిన్న ముక్కలకు అర్థం ఉండదు. కొన్నేళ్లుగా వాడుతున్న బ్రిడ్జ్ యాప్ మీద నా కోపమంతా దీని గురించే. బ్రిడ్జ్ అంటే ఇద్దరిద్దరు జట్టుగా నలుగురు ఆడే పేకాట: ఎన్ని ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే రౌండ్లు) గెలుస్తామో ముందు వేలం పాడటం బిడ్డింగ్, పాడుకున్న జట్టుని ఆపడం డిఫెన్స్. యాప్ పేరు రాయను. రోబోలతో బ్రిడ్జ్ ఆడించేది ఇంకోటి కూడా కొన్నాళ్లు చూశాను, అక్కడా ఇదే వరస. ఒక్కదాన్నే ఆడిపోసుకుని లాభం లేదు.

ఆసుకి నాలుగు, రాజుకి మూడు అనే పాయింట్ల లెక్కలు ఇక్కడ చెప్పడం లేదు. స్టేమన్, ట్రాన్స్‌ఫర్, బ్లాక్‌వుడ్ లాంటి బిడ్డింగ్ సంకేతాలన్నీ వచ్చినా క్లబ్బు పోటీల్లో పైకి వెళ్లలేక, కిందికి పోబుద్ధి కాక మధ్యలోనే ఉండిపోయిన నాలాంటి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను యాప్‌లోకి వచ్చింది నాలుగో చెయ్యి దొరక్క. మా క్లబ్బులో రమ్మీ బల్లలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, బ్రిడ్జ్ బల్ల ఒక్కటే. ఆ నలుగురిలో ఒకరి మనవడికి జ్వరమొస్తే ఆ పూట ఆట లేనట్టే. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పెయిర్స్‌లో బంగారు పతకం తెచ్చినప్పుడు కొత్తవాళ్లు కొందరు నేర్చుకుంటామని వచ్చారు గానీ నిలవలేదు. ఇక ఇంట్లో అనుమానం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించాక నా ఫోన్‌లో పేక ముక్క కనిపిస్తే చాలు, "డబ్బులు పెట్టి కాదు కదండీ?" అని మా ఆవిడ. రోబోల అద్దె తప్ప పైసా పందెం లేదని చెప్పాను. 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు రమ్మీ కేసులో సుప్రీంకోర్టు రమ్మీకి నేర్పు కావాలని చెప్పడానికి పోలిక తెచ్చుకున్నది బ్రిడ్జ్‌నే అని కూడా చెప్పాను. కోర్టు తీర్పు మా వంటింట్లో పెద్దగా పని చేయలేదు.

ముందు మంచి సంగతి. నేను ఏదైనా బిడ్ చెప్పేముందు దాని మీద వేలు పెట్టి ఉంచితే, ఆ బిడ్‌ని రోబో ఎలా అర్థం చేసుకుంటుందో ఒక చిన్న పెట్టెలో కనిపిస్తుంది. చెప్పాక కాదు, చెప్పకముందే. మొదటి ఏడాది ఈ ఒక్క సౌకర్యం గురించి క్లబ్బులో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. ఒక చెయ్యి చూడండి: ఇస్పేట్లు ఆసు, రాణి, 8, 6, 3. ఆఠీన్లు రాజు, 5. డైమన్లు 7, 4, 2. కళావర్లు ఆసు, జాకీ, 6. మొత్తం 14 పాయింట్లు. పార్ట్‌నర్ 1 ఆఠీన్ అంది, నేను 1 ఇస్పేట్, అది 2 కళావర్లు. గేమ్ (బోనస్ వచ్చే పెద్ద బిడ్) ఉందని తెలుసు, ఎక్కడన్నది తెలియదు. పార్ట్‌నర్ దగ్గర మూడు ఇస్పేట్లుంటే 4 ఇస్పేట్లు (ఇస్పేట్లు తురుఫుగా ఆరు మీద నాలుగు, అంటే పది ట్రిక్కులు), ఆరు ఆఠీన్లుంటే 4 ఆఠీన్లు, డైమన్లు ఆపగలిగితే 3 నోట్రంప్ (తురుఫు లేకుండా తొమ్మిది). ఇలాంటి చోట మా బల్ల మీద 3 నోట్రంప్ అని దూకడమే రివాజు. డైమన్ లీడ్ వచ్చి వరసగా ఐదు ట్రిక్కులు పోయాక "కర్మ" అనుకోవడం కూడా రివాజే. యాప్‌లో 2 డైమన్ల మీద వేలు పెడితే పెట్టెలో ఇలా వచ్చింది: గేమ్ దాకా ఆగకూడదు, డైమన్లు ఉండాలని లేదు. నాలుగో సూట్ బిడ్ (మూడు సూట్లు చెప్పాక మిగిలినదాన్ని చెప్పడం) అంటే ఏమిటో పుస్తకంలో ఎప్పుడో చదివిందే. కానీ అదే మాట చేతిలో ముక్కలున్న క్షణాన కనబడితే ఇక మర్చిపోం. నేను 2 డైమన్లు అన్నాను, రోబో 2 ఇస్పేట్లు అంది, అంటే మూడు ముక్కలున్నాయి. 4 ఇస్పేట్లతో ముగిసింది. అరవలేదు, నిట్టూర్చలేదు, కళ్లద్దాల పైనుంచి చూడలేదు. పార్ట్‌నర్ ముఖం చూడాల్సిన టెన్షన్ లేకపోవడం బిడ్డింగ్ నేర్చుకునేవాడికి చిన్న సుఖం కాదు.

ఇప్పుడైతే ఆ పొగడ్తలో కొంత తగ్గిస్తాను. ఆ పెట్టెలో రాసి ఉన్నదానికి రోబోయే ఎప్పుడూ కట్టుబడదు. 12 పాయింట్లని రాసి ఉన్న డబుల్ అంతకన్నా తక్కువతో చెప్పిన సందర్భాలు చూశాను. పైగా దాని బిడ్డింగ్ పద్ధతి టూ ఓవర్ వన్, క్లబ్బులో నా పార్ట్‌నర్‌ది ప్రెసిషన్. ఆయన రిటైరైన లెక్చరర్, అందరం మాస్టారు అంటాం. ఆయన లెక్కలో 1 కళావర్ అంటే కళావర్లతో సంబంధం లేని, 16 లేదా అంతకు మించి పాయింట్లున్న చెయ్యి, నాలుగో సూట్ అంటే ఒక్క రౌండు పార్ట్‌నర్ పాస్ చెప్పకూడదంతే. రోబో దగ్గర నేర్చుకున్నదాంట్లో మంచి భాగం ఆయన దగ్గర చెల్లదు. పాయింట్లు, షేపు కలిపి ఆలోచించే అలవాటు మాత్రం ఎక్కడైనా చెల్లుతోంది.

డిఫెన్స్ సంగతికొస్తే, ముందు ఒక కిటుకు. ఇలాంటి యాప్‌లలో నలుగురిలో పెద్ద చెయ్యి ఎప్పుడూ మనిషికే వచ్చేలా ఒక సెట్టింగ్ ఉంటుంది. ఆడుతుంటే సరదాగానే ఉంటుంది. ఎక్కువసార్లు మనమే డిక్లేరర్, అంటే బిడ్ గెలిచి చెయ్యి ఆడేవాళ్లం. కానీ మామూలు బల్ల మీద సుమారు సగం చేతులు డిఫెన్స్‌లోనే గడుస్తాయి. ఆ సెట్టింగ్ అలాగే ఉంచుకుని డిఫెన్స్ మెరుగవలేదని బాధపడితే అది యాప్ తప్పు కాదు. నేను దాన్ని తీసేశాక అసలు బాధ మొదలైంది.

ఎదుటివాళ్ల కాంట్రాక్ట్ (గెలిచిన చివరి బిడ్) 4 ఇస్పేట్లు. దక్షిణం 1 ఇస్పేట్ అంది, ఉత్తరం 3, దక్షిణం 4. నేను పడమర: ఇస్పేట్లు 7, 5. ఆఠీన్లు ఆసు, రాజు, 6, 3. డైమన్లు 9, 8, 4, 2. కళావర్లు రాజు, 7, 3. ఆఠీన్ ఆసు లీడ్ చేశాను. డమ్మీ (డిక్లేరర్ పార్ట్‌నర్ బల్ల మీద పరిచే చెయ్యి) దిగింది: ఇస్పేట్లు రాజు, 10, 8, 4. ఆఠీన్లు రాణి, 7, 4. డైమన్లు రాజు, రాణి, 5. కళావర్లు 10, 6, 2. డమ్మీ 4 వేసింది, నా రోబో పార్ట్‌నర్ 9 వేసింది, డిక్లేరర్ 2 వేసింది.

మనుషులతో ఆడే ఎవరినైనా అడగండి, ఆ 9కి అర్థమేమిటని. పెద్ద ముక్క అంటే "ఇంకా ఆడు" అని. బహుశా రెండే ఆఠీన్లున్నాయి, మూడోది కోస్తుంది. రాజు వేశాను. రోబో 5 వేసింది. 9, తర్వాత 5! పెద్దది ముందు, చిన్నది వెనక. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. మూడో ఆఠీన్ వేశాను. డమ్మీ రాణి వేసింది, నా పార్ట్‌నర్ తురుఫు కొట్టడానికి బదులు నింపాదిగా 10 వేసింది, డిక్లేరర్ తన చేతిలోని కళావర్ ఒకటి పారేసింది. 4 ఇస్పేట్లు హాయిగా అయిపోయాయి.

రోబో చేతిలో ఉన్న ఆఠీన్లు జాకీ, 10, 9, 5. నాలుగు! డిక్లేరర్ దగ్గర ఆఠీన్లు రెండే, కళావర్లు ఆసు, 8, 4. మనిషైతే జాకీ, 10, 9, 5లోంచి 5 వేస్తాడు. 2 డిక్లేరర్ దగ్గర పడింది, 3 నా దగ్గరుంది, 4 డమ్మీలో పడింది. కాబట్టి 5 కన్నా చిన్నది ఎక్కడా లేదని నాకు తెలిసేది. ఆఠీన్లు వద్దు, ఇంకెటైనా వెళ్లమని దానర్థం. అప్పుడు రెండో ట్రిక్కులోనే కళావర్ 3 తిప్పితే ఏమయ్యేది? పార్ట్‌నర్ దగ్గర రాణి, జాకీ, 9, 5 ఉన్నాయి. డిక్లేరర్ ఆసుతో గెలిచినా, తురుఫులు లాగి ఆఠీన్ డమ్మీ రాణి వైపు ఆడేసరికి నేను రాజుతో పట్టి, వెంటనే రెండు కళావర్లు తీసుకుంటాం. ఒకటి డౌన్, అంటే వాళ్లకి ఒక ట్రిక్కు తక్కువ. నా ఆఠీన్ రాజు తొందరపడి బయటికొస్తే డమ్మీ రాణి ఊరికే పెద్దదై కూర్చుంటుంది, దాని మీద కళావర్ పారేస్తారు. ఈ చెయ్యంతా పోటీయే: మన కళావర్లు ముందా, వాళ్ల ఆఠీన్ రాణి ముందా.

రోబోకి బుద్ధి లేక అలా వేయలేదు, దాని లెక్కే అంత. తనకు కనపడని ముక్కల్ని అది రకరకాలుగా పంచి చూసుకుంటుంది. ఒక్కో పంపకంలో నలుగురి ముక్కలూ అందరికీ కనబడుతున్నట్టు ఆడించి, ఎక్కువ పంపకాల్లో లాభించే ముక్క వేస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త మాథ్యూ గిన్స్‌బర్గ్ రాసిన ప్రోగ్రామ్ 1990ల చివర కంప్యూటర్ బ్రిడ్జ్ ప్రపంచ పోటీలు గెలిచింది ఈ పద్ధతితోనే. అందరికీ అన్నీ కనబడే చోట పార్ట్‌నర్‌కి కబురు పంపాల్సిన పనేముంది? జాకీ, 10, 9, 5లో ఏది వేసినా ట్రిక్కులు అవే వస్తాయని తేలింది, చేతికందింది వేసింది. నేను మాత్రం దాంట్లో కబురు చదువుకున్నాను.

అంతటితో ఆగితే కోపం ఇన్నాళ్లుండేది కాదు. చెయ్యి అయిపోయాక యాప్ ప్రతి ముక్కకీ రంగు వేస్తుంది. నష్టం చేయనిదానికి ఆకుపచ్చ, ట్రిక్కు పోగొట్టినదానికి ఎరుపు. నా ఆఠీన్ రాజు మీద ఎర్ర గుర్తు. 9 వేసింది దాని రోబో, ఎర్ర గుర్తు నాకు!

మాస్టారికి ఫోన్‌లో చూపించాను. ముక్కలన్నీ రెండుసార్లు చూసి, "ఈ తొమ్మిది ఎవరు వేశారండీ?" అన్నారు.

"రోబో అండీ."

"నేనైతే ఐదు వేసేవాణ్ణి. ఐదు చూసి మీరేం చేసేవారు?"

"కళావర్ తిప్పేవాణ్ణి."

"మరింకేం. పార్ట్‌నర్‌ని మార్చండి" అని టీ చెప్పారు.

ఈ రంగుల మీద నాకు మొదట్లో గురి ఎక్కువ. ఇప్పుడు వాటిని సగమే నమ్ముతాను. రాజు లేని తొమ్మిది తురుఫులు మన రెండు చేతుల్లో కలిపి ఉంటే ఫినెస్ చేయడమే (రాజు మనకు అనుకూలమైన వైపు ఉందనుకుని దాన్ని తప్పించి ఆడటమే) మామూలు పద్ధతి. ఆసు వెనక రాజు ఒంటరిగా ఉందని యాప్‌కి తెలుసు కాబట్టి ఫినెస్‌కి ఎర్ర గుర్తు పెడుతుంది. అది చూసి మర్నాటి నుంచి ఫినెస్ మానేస్తే మునిగినట్టే. బిడ్డింగ్‌కి మాత్రం ముక్కలన్నీ తెలిసి వేసే ఇదే లెక్క భలే ఉపయోగపడింది, అది నేను అనుకోని లాభం. రెండు జట్ల పొడుగాటి సూట్లలోని తురుఫులు కలిపితే ఎంతో, ఇరువైపులా వచ్చే ట్రిక్కుల మొత్తం దాదాపు అంత అని ఫ్రాన్స్‌కి చెందిన జాన్-రెనే వెర్న్ 1969లో రాశాడు. మనకి తొమ్మిది ఇస్పేట్లు, వాళ్లకి ఎనిమిది ఆఠీన్లు అనుకోండి, మొత్తం 17. వాళ్లు 3 ఆఠీన్లు అన్నారు. వాళ్లకి తొమ్మిది వస్తే మనకి ఎనిమిది, 3 ఇస్పేట్లు ఒకటి డౌన్: వల్నరబుల్ (డౌన్ అయితే ఎక్కువ పోయే స్థితి) కాకపోతే 140 బదులు 50 పోతుంది. వాళ్లకి ఎనిమిదే వస్తే మనకి తొమ్మిది, 50 బదులు 140 వస్తుంది. ఎటు చూసినా 3 ఇస్పేట్లే. ప్రతి చెయ్యి చివరా రెండు జట్ల ట్రిక్కులూ యాప్ చూపిస్తుంది కాబట్టి ఈ సూత్రాన్ని నా చేతుల మీదే సరిచూసుకునేవాణ్ణి. ఒకటి అటూ ఇటూ అయినవి బోలెడు. అయినా మూడో లెవెల్ దగ్గర నా చెయ్యి వణకడం తగ్గింది.

డిఫెన్స్‌లో లాభమే లేదంటే అన్యాయం. పార్ట్‌నర్ మూగదని తేలాక మిగిలేది లెక్కే. మొదట పాస్ చెప్పిన డిక్లేరర్ చేతిలోంచి 11 పాయింట్లు బయటపడితే, కనపడని రాజు ఆ డిక్లేరర్ దగ్గర ఉండదు, అది కూడా ఉంటే మొదటే బిడ్ చెప్పేవారు. కాబట్టి మన పార్ట్‌నర్ దగ్గరే. ఈ రకం లెక్కలు రోబోతో ఆడబట్టే నాకు వేగంగా వస్తున్నాయి. దీనికో వెల ఉంది: వరసగా రోబోతోనే ఆడితే పార్ట్‌నర్ వేసిన ముక్క కంటికి ఆనదు. ఎవరో వేశారు, పోయింది అన్నట్టు ఉంటుంది. దాన్ని వదిలించుకోవాలంటే మళ్లీ మనుషుల బల్లే దిక్కు.

కొనాలా వద్దా అంటే మీ ఊరిని బట్టి చెప్పాలి. నాకు క్లబ్బు నడిచే దూరంలో ఉంది, వారంలో రెండు సాయంత్రాలు మాస్టారు దొరుకుతారు, అందుకని డిఫెన్స్‌కి యాప్ అక్కర్లేదు. బిడ్డింగ్ పెట్టె కోసం మాత్రం అద్దె కడుతూనే ఉన్నాను, వచ్చే నెలా కడతాను. డాలస్‌లో ఉండే మా తోడల్లుడికి చుట్టుపక్కల ఆడేవాళ్లెవరూ తెలియదు, ఆయనకి ఇది తప్ప గతి లేదు. ఆయనకి చెప్పిందే మీకూ: పెద్ద చెయ్యి సెట్టింగ్ తీసేయండి, చెయ్యి అయిన వెంటనే రంగులు కనబడకుండా ఆపుకోండి, రోబో మొదటి ట్రిక్కులో 9 వేస్తే దాన్ని వట్టి తొమ్మిదనే అనుకోండి.