ఐబీఎస్‌కి అమిట్రిప్టిలిన్: పీహెచ్‌డీ చేస్తూ మూడేళ్లు వాడాక

అమిట్రిప్టిలిన్ మాత్ర మూడేళ్లకు పైగా వాడుతున్నాను. డిప్రెషన్‌కి కాదు, ఐబీఎస్‌కి, అంటే పరీక్షల్లో ఏమీ తేలకపోయినా కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో పదేపదే వచ్చే పేగుల సమస్యకి. మందు పనిచేసింది. అయితే నా కడుపు కుదుటపడటంలో నేనుండే గది పాత్ర కూడా అంతే ఉంది.

పీహెచ్‌డీలో చేరినప్పుడు హాస్టల్ సీటు రాలేదు. హైదరాబాద్ తార్నాకలో ఒక పీజీ (పేయింగ్ గెస్ట్) వసతిలో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్లం. అంతస్తు మొత్తానికి రెండే బాత్రూములు. ఐబీఎస్ ఉన్నవాళ్లకి ఇంతకన్నా వివరించక్కర్లేదు. పొద్దున్నే కడుపులో మెలిపెడుతుంటే అక్కడ తలుపు ముందు అప్పటికే ఇద్దరు నిలబడి ఉండేవాళ్లు. ఆ టెన్షన్‌కి నొప్పి ఇంకా పెరిగేది. ల్యాబ్‌కి వెళ్లేదాకా ఏమీ తినేదాన్ని కాదు. రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అన్నీ నార్మల్ అని వచ్చాయి.

గ్యాస్ట్రో డాక్టరు ఈ మాత్ర రాశారని చెబితే అమ్మ హడలిపోయింది. "కడుపు నొప్పికి డిప్రెషన్ మాత్రలేంటమ్మా, అలవాటైపోతే?" అంది. డిప్రెషన్‌కి మామూలుగా రోజుకి 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. నాకు రాసింది 10. ఇంత తక్కువ మోతాదులో ఇది పేగుల నుంచి మెదడుకి వెళ్లే నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది, పేగుల కదలికను కాస్త నెమ్మది చేస్తుంది. అందుకే నాలా విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవాళ్లకి నప్పుతుంది. మలబద్ధకం రకం వాళ్లకి ఇబ్బంది పెరగొచ్చు. ఇంగ్లండ్‌లో ఐబీఎస్ ఉన్న 463 మందిపై ఈ మాత్రతో ఆరు నెలలు చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అందులోనూ 10తో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 30 దాకా వెళ్లారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే అమిట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్లకి బాగా తగ్గింది. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది.

మొదటి వారాల్లో నొప్పి తగ్గలేదు కానీ నోరు మాత్రం ఎండిపోయేది. పొద్దున మగతగా ఉండేది. పడుకునే ముందు కాకుండా రాత్రి ఎనిమిదింటికే వేసుకోమని డాక్టరు చెప్పాక మగత చాలావరకు పోయింది. నెల దాటాక తేడా తెలిసింది. నొప్పి వచ్చినా మునుపటిలా కూలబడేసేది కాదు. తర్వాత డాక్టరే 20కి పెంచారు. కొంచెం బరువు పెరిగాను, అది నచ్చలేదు. ఖర్చు మాత్రం భారం కాదు.

ఇక గది సంగతి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు. హాస్టల్ ఇవ్వలేదని సర్టిఫికెట్ పెడితే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా వస్తుంది, కానీ డబ్బు నెలనెలా పడదు. ఓనర్లు అద్దె ఆగితే ఊరుకోరు. పైగా పెళ్లికాని అమ్మాయి అనగానే చాలామంది లేదనేశారు. చివరికి మా ల్యాబ్ సీనియర్ అక్కతో కలిసి హబ్సిగూడలో ఇల్లు తీసుకున్నాం. నా గదికి అటాచ్డ్ బాత్రూమ్ ఉంది. ఆ నెల నుంచే పొద్దున ఇడ్లీ తిని ల్యాబ్‌కి వెళ్లడం మొదలైంది. మోతాదు మళ్లీ 10కి తగ్గింది కూడా ఆ తర్వాతే. ఇలాంటి జబ్బులున్న రీసెర్చ్ స్కాలర్లకి హాస్టల్లో ముందుగా గది ఇవ్వాలని నేను గట్టిగా అంటాను. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే దరఖాస్తుతో పాటే పెట్టండి, సిగ్గుపడకండి.

గుండె లయలో తేడా, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, వేరే డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్లు ఆ విషయం డాక్టరుకి ముందే చెప్పాలి. సొంతంగా మొదలుపెట్టొద్దు, ఉన్నట్టుండి ఆపేయొద్దు. ఈమధ్య మాత్ర నెమ్మదిగా మానేద్దామా అని డాక్టరు అడిగారు. నా ఫెలోషిప్ ఐదేళ్లూ అయిపోవస్తున్నాయి, థీసిస్ ఇంకా రాస్తున్నాను, ఈ ఇంటి అద్దె కట్టగలనో లేదో తెలియదు. ఎక్కడ ఉంటానో తేలాక మానేస్తానని చెప్పాను, ఆయన సరేనన్నారు.