ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్: పెద్ద స్టోరేజీకి ఏది మేలు?

16 టీబీ డిస్కులు ఎనిమిది ఉన్నాయి. అన్నిటినీ కలిపి ఒకే స్టోరేజీగా వాడాలి. ఏ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) వేయాలి అనగానే చాలామంది గరిష్ఠ పరిమితుల పట్టిక తెరుస్తారు. ఈఎక్స్‌టీ4కి 1 ఎక్సాబైటు (సుమారు పది లక్షల టీబీ), ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి 8, ఇక 128 బిట్ల జెడ్‌ఎఫ్‌ఎస్ సంగతి లెక్కకే అందదు. ఆ అంకెలను మనలో ఎవరమూ తాకం. ఇబ్బంది పెట్టే హద్దులు వేరే ఉన్నాయి.

ఈఎక్స్‌టీ4లో ఆ హద్దు ఇనోడ్, అంటే ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే చోటు. ఫార్మాట్ చేసినప్పుడే ఎన్ని ఫైళ్లు పట్టాలో ఖాయమైపోతుంది. మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఇనోడ్. అంటే 1 టీబీకి సుమారు 6.7 కోట్ల ఫైళ్లు. అన్నీ 4 కేబీ మెయిల్ ఫైళ్లే అనుకోండి, డిస్కు పావు వంతు నిండేసరికే ‘స్థలం లేదు’ అంటుంది. డీఎఫ్ (ఖాళీ ఎంతుందో చూపే కమాండ్) చూస్తే బోలెడంత ఖాళీ! డీఎఫ్‌కి మైనస్ ఐ (df -i) తగిలిస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. పైగా 4 కేబీ బ్లాకులతో (డిస్కు స్థలాన్ని పంచే ముక్కలు) ఒక్క ఫైలు 16 టీబీ దాటదు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి ఈ రెండు బాధలూ లేవు, ఇనోడ్‌లను అవసరాన్నిబట్టి పుట్టిస్తుంది. పెంచడం తేలిక. తగ్గించాలంటే మాత్రం మామూలుగా డేటా బయటికి తీసి మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డేటాసెట్లన్నీ (లోపల చేసుకునే విడివిడి ఫైల్ సిస్టమ్‌లు) ఒకే పూల్ (డిస్కులన్నీ కలిసిన నిల్వ) నుంచి స్థలం తీసుకుంటాయి. విడిగా పార్టిషన్ల గొడవ లేదు. కానీ ఒకడు కోటా లేకుండా నింపేస్తే అందరికీ నిండినట్టే. పాత బ్లాకు మీద రాయకుండా కొత్తచోట రాసే పద్ధతి కాబట్టి ఫైలు చెరపడానికీ కాస్త ఖాళీ కావాలి. స్నాప్‌షాట్ (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో పట్టి ఉంచిన నకలు) ఉంటే చెరిపినా స్థలం తిరిగి రాదు. నిండేకొద్దీ రాత నెమ్మదిస్తుంది, అందుకే 80 శాతం దగ్గర ఆగమంటారు. మన ఎనిమిది డిస్కులకు రెయిడ్ జెడ్2 (రెండు డిస్కులు పాడైనా డేటా నిలిచే అమరిక) వేస్తే రెండు ప్యారిటీకి (పోయిన డేటాను తిరిగి కట్టే అదనపు సమాచారం) పోయి 96 టీబీ మిగులుతుంది. వెయ్యికి బదులు 1024తో లెక్కిస్తే అది 87. అందులో 80 శాతం అంటే 70కి కాస్త అటూఇటూ. 128 కొన్నవాళ్లు బడ్జెట్ వేసుకోవాల్సింది ఈ 70 మీద.

అయినా నా ఓటు జెడ్‌ఎఫ్‌ఎస్‌కే. డేటా తెలియకుండా పాడైతే చెక్‌సమ్‌తో (డేటా మారిందో లేదో చెప్పే సరిచూపు అంకె) పట్టుకుని ప్యారిటీతో బాగుచేస్తుంది. మిగతా రెండూ ఫైళ్లలోని డేటాకు ఆ పని చేయవు. డిస్కులు ముందే హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు (డిస్కులను తానే కలిపి ఒకటిగా చూపే కార్డు) కింద ఉంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేసుకోండి. ఈఎక్స్‌టీ4 ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుకి చాలు.

జెడ్‌ఎఫ్‌ఎస్ వేస్తే మొదటిరోజే ఖాళీ డేటాసెట్ ఒకటి చేసి కొంత స్థలం రిజర్వ్ చేసి పెట్టండి. పూల్ నిండిన రాత్రి ఆ రిజర్వేషన్ ఎత్తేస్తే, ఫైళ్లు చెరపడానికి చోటు దొరుకుతుంది.